సోఽయం దేవదత్తః: ఒక పాత ఆటకు జరిగిన జీర్ణోద్ధారణ గురించి

సామర్లకోట కుమారారామంలో భీమేశ్వరస్వామి దర్శనం రెండు అంతస్తులలో జరుగుతుంది. కింద కనిపించేది శ్వేతలింగం అధోభాగం. మెట్లెక్కి పైకి వెళితే శిరోభాగం కనిపిస్తుంది. అర్చన జరిగేది అక్కడే. లింగం ఒక్కటే, నడుమనున్న కప్పు వలన మన దృష్టికి రెండుగా తోస్తుంది. 2025 సంక్రాంతికి హైదరాబాదు నుండి వచ్చిన మా అన్నయ్యగారి అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్ళాను. పై అంతస్తు నుండి దిగుతూ వాడు అన్నాడు: "బాబాయ్, ఇది సోల్ రీవర్‌లాగా ఉంది. చోటు అదే, లోకం వేరు."

దేవాలయ ప్రాంగణంలో వీడియోగేమ్ ప్రసక్తి తెచ్చినందుకు మందలించవలసిన పెద్దరికం నాది. మందలించలేకపోయాను. ఆ ఆటను పాతికేళ్ళ క్రితం నేనూ ఆడాను. నాచేత ఆడించినవాడు వాడి తండ్రి. మా పెద్దనాన్నగారి అబ్బాయి. కాకినాడలో నేను డిగ్రీ చదివే రోజులలో వాళ్ళింట్లో ఒక కంప్యూటర్ ఉండేది. రాత్రి కరెంటు ఉన్నంతసేపు అన్నయ్య ఆడేవాడు, నేను పక్కన కూర్చొని దారులు జ్ఞాపకం పెట్టుకొనేవాణ్ణి. అన్నయ్య ఇప్పుడు లేడు. అబ్బాయి లాప్‌టాప్‌లో తెచ్చుకున్నది ఆ ఆటకే 2024 డిసెంబరు 10న వెలువడిన రీమాస్టర్.

ఇటువంటి విషయం ఈ పుటలలో చర్చకు అర్హమా అని సంశయించే పాఠకులు ఉంటారు. అర్హమేనని నా అభిప్రాయం. పాతదానిని కొత్త రూపంలో మన ముందుంచి "ఇది అదే" అన్నప్పుడు, ఆ వాక్యం ఏ అర్థంలో సత్యం? ఈ ప్రశ్నను మన శాస్త్రకారులు ఎంతో శ్రమించి విచారించారు. వారి తూనికరాళ్ళతో ఒక ఆటను తూచడంలో అపచారమేమీ లేదు.

ముందుగా ఆట పరిచయం. "లెగసీ ఆఫ్ కెయిన్: సోల్ రీవర్" 1999లో క్రిస్టల్ డైనమిక్స్ సంస్థ నిర్మించినది. దర్శకురాలు ఏమీ హెన్నిగ్. గాథిక్ అని వ్యవహరించే శైలికి చెందిన సాహసక్రీడ ఇది: శిథిల ప్రార్థనామందిరాలు, సమాధులు, రక్తపిశాచాలు, మరణోన్ముఖమైన ఒక ప్రపంచం. దాని పేరు నోస్‌గాత్. రక్తపిశాచ సామ్రాట్టు కెయిన్‌కు రజియెల్ ప్రధాన అనుచరుడు. ప్రభువుకు రాని రెక్కలు తనకు మొలిచిన అపరాధానికి, కెయిన్ వాటి ఎముకలను విరిచి అతణ్ణి అగాధ జలావర్తంలోకి త్రోయిస్తాడు. శతాబ్దాల అనంతరం ఒక పురాతన శక్తి అతణ్ణి మేల్కొల్పుతుంది. శిథిలమైన దేహంతో, రక్తానికి బదులు జీవులను ఆహరించే క్షుధతో, అతడు ప్రభువుపైన, తోటి అనుచరులపైన పగ తీర్చుకోవడానికి బయలుదేరుతాడు.

ఆటలో అపూర్వమైన కల్పన ఏమిటంటే రజియెల్ రెండు లోకాలలో సంచరిస్తాడు. ఒకటి స్థూలలోకం, రెండవది ప్రేతలోకం. మీట నొక్కగానే స్థూలదేహం కరిగిపోతుంది, కళ్ళెదుటనే గోడలు వంకరలు తిరుగుతాయి, స్తంభాలు సాగుతాయి, అందనంత ఎత్తులో ఉన్న అరుగు అందే దూరానికి వస్తుంది. ప్రేతలోకంలో తలుపు తెరవలేడు, రాయి కదపలేడు. అక్కడ నీటికి సాంద్రత లేదు. స్థూలలోకపు కాలం ఆగిపోయి ఉంటుంది. తిరిగి రావాలంటే జీవశక్తి నిండుగా ఉండాలి, ద్వారం వంటి ఒక స్థానం దొరకాలి. స్థూలదేహం నశిస్తే ఆట ముగియదు, రజియెల్ ప్రేతలోకంలోకి జారుతాడంతే. సాధారణంగా వీడియోగేమ్‌లలో మరణమంటే అంతరాయం. ఇక్కడ మరణం ఒక ప్రదేశం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాశ్చాత్య కల్పనలో స్థూలసూక్ష్మ భేదం కనిపించగానే "ఇదంతా మన వేదాంతమే" అని చంకలు కొట్టుకోవడం కొందరికి అలవాటు. నాకు ఆ అలవాటు లేదు. ఈ కథలోని పురాతన శక్తి చక్రం గురించి మాట్లాడుతుంది, జీవులు అందులో తిరగాలంటుంది. కానీ అది సంసారచక్రం కాదు, ఆ శక్తి జీవులను భక్షించే కంచం. వేదాంతంలో చక్రం నుండి విముక్తి పరమార్థం, ఇందులో చక్రమే మోసం. సామ్యం చూసి మురిసిపోయేవారు ఈ వైషమ్యాన్ని చూడరు.

ఇక రీమాస్టర్ విషయం. ఆస్పైర్ సంస్థ, క్రిస్టల్ డైనమిక్స్ కలిసి మొదటి ఆటను, 2001లో వచ్చిన రెండవ ఆటను ఒకే సంపుటిగా విడుదల చేశారు. కథ, కట్టడాలు, కదలికల నియమాలు పాతవే. బొమ్మలకు, గోడలకు, వెలుగునీడలకు కొత్త రూపం ఇచ్చారు. కెమెరాను ఆటగాడు సులువుగా త్రిప్పుకొనే వీలు కల్పించారు. దారి తప్పకుండా పటం, దిక్సూచి చేర్చారు. వీటన్నిటికంటె ముఖ్యమైనది, ఒక మీట నొక్కితే ఆడుతున్న చోటనే కొత్త రూపం తొలగి 1999 నాటి రూపం కనిపిస్తుంది, మళ్ళీ నొక్కితే కొత్తది వస్తుంది.

ఇది నిలుస్తుందా? పాతికేళ్ళ తరువాత దీనికి ఆటగా విలువ ఉందా, లేక మావంటివారి పూర్వస్మృతులను మాకే తిరిగి విక్రయించే వ్యాపారమా?

పూర్వపక్షం బలమైనదే, తక్కువ చేయను. క్షణికవాదుల వాదాన్ని ఇక్కడ తెచ్చుకోవచ్చు. దీపజ్వాల ప్రతిక్షణం వేరు, ఒకటే అనుకోవడం సాదృశ్యం వలన కలిగే భ్రమ. అలాగే ఇప్పుడు తెరమీద ఉన్నది వేరే వస్తువు, అప్పటిదానిని పోలి ఉన్నదంతే; "అదే" అనిపించేది నా సంస్కారం. పైగా స్మృతి ప్రమాణం కాదు. ఇరవయ్యేళ్ళ వయసులో అన్నయ్య పక్కన కూర్చొని చూసినది ఏదైనా నాకు అమృతమే. అది ఆట గొప్పతనమా, అన్నయ్య గొప్పతనమా అన్నది నేను నిర్ణయించలేను.

దీనికి సమాధానంగా మన గురుపరంపరలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. ఎప్పుడో ఎక్కడో చూసిన దేవదత్తుణ్ణి ఇప్పుడు ఇక్కడ చూసి "ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు" అంటాం. ఆ కాలం, ఆ దేశం ఒక విశేషణం. ఈ కాలం, ఈ దేశం మరొక విశేషణం. రెండూ పరస్పర విరుద్ధాలు. విరుద్ధ భాగాలను రెండువైపులా విడిచిపెట్టి, అవిరుద్ధమైన వ్యక్తిని మాత్రం గ్రహిస్తే వాక్యం సత్యమవుతుంది. దీనినే భాగత్యాగలక్షణ అంటారు. సదానందులు వేదాంతసారంలో తత్త్వమసి వాక్యార్థానికి ఈ మార్గాన్నే చూపారు.

రీమాస్టర్‌లను పరీక్షించడానికి ఇంతకంటె మంచి కొలత నాకు కనపడలేదు. 1999 నాటి పలకలు పలకల ముఖాలను, మసక గోడలను విడిచిపెట్టండి. 2024 నాటి నున్నని ముఖాలను, పదునైన నీడలను కూడా విడిచిపెట్టండి. ఏమైనా మిగిలిందా? మిగిలితే ఆ ఆట నిలిచినట్టు. మిగలకపోతే, తన కాలపు తళుకే దానికి ప్రాణమై ఉండేది. ఎంత మెరుగు పెట్టినా శవాలంకారమే. ఆ రోజులలో బొమ్మల నాణ్యతకే వాసికెక్కి, నేడు ఎవరూ తలవని ఆటలు కొల్లలు.

సోల్ రీవర్‌లో మిగిలినవి స్పష్టంగా ఉన్నాయి. రెండు లోకాల నియమం మిగిలింది. ఒకే కట్టడాన్ని రెండుసార్లు చదివించే వాస్తుకల్పన మిగిలింది. వాక్కు మిగిలింది.

వాక్కు గురించి కొంత ఆగి చెప్పాలి. రజియెల్‌కు మైకేల్ బెల్, కెయిన్‌కు సైమన్ టెంపుల్‌మన్, పురాతన శక్తికి టోనీ జే గళదానం చేశారు. నాటకరంగపు గాంభీర్యంతో, తొందరపాటు లేకుండా పలికిన సంభాషణలు అవి. టోనీ జే 2006లో కీర్తిశేషులయ్యారు. రీమాస్టర్ చేసినవారు ఆ పాత ధ్వనిముద్రణలనే ఉంచారు. ముఖాలన్నీ మారినా కంఠం మారలేదు. కళ్ళు మూసుకొని వింటే కాకినాడలోని ఆ గదే. ఇందుకు విపరీతమైన ఉదాహరణ కూడా ఉంది. 1997 నాటి కాసిల్వేనియా "సింఫనీ ఆఫ్ ద నైట్" గాథిక్ ఆటలలో శిఖరప్రాయమైనది. 2018లో ప్లేస్టేషన్ 4కు దానిని మళ్ళీ తెచ్చినప్పుడు తొలినాటి ఇంగ్లీషు గళాలు, సంభాషణలు లేవు. నడుమ 2007లో కొత్తగా వ్రాసి, కొత్తవారిచేత పలికించిన పాఠమే వచ్చింది. కొత్త అనువాదం మూలానికి దగ్గరే కావచ్చు. అయినా పాత సంభాషణలను, వాటి అతినాటకీయతతో సహా, కంఠస్థం చేసినవారికి అది దేవదత్తుని వేషం వేసుకున్న యజ్ఞదత్తుడిలా తోచింది. మీమాంసకులు శబ్దానికి నిత్యత్వం ఎందుకు చెప్పారో ఆటలాడే పిల్లలను అడిగితే తమ భాషలో చెబుతారు.

అయితే నా సిద్ధాంతంలోనే ఒక చిక్కుంది. విడిచిపెట్టదగిన ఉపాధి ఏది, విడిచిపెట్టరానిది ఏది? కాకి వాలిన ఇల్లు అన్నప్పుడు కాకి తటస్థలక్షణం, ఎగిరిపోయినా ఇంటికి లోటు లేదు. గాథిక్ కల్పనలో చీకటి అటువంటి కాకి కాదు. నాటి యంత్రాలకు దూరదృశ్యాలు చిత్రించే శక్తి చాలక మంచుతెరలు కప్పేవారు, గోడల అల్లికలు అలుక్కుపోయి ఉండేవి. అది అశక్తత. కానీ ఆ అశక్తతలోనుండే భయం పుట్టింది. మూలలో ఉన్నది రాయో ప్రాణియో తెలియక గుండె జల్లుమనేది. కొత్త రూపంలో రాయి రాయిలాగే తెలిసిపోతుంది. కొన్ని గదులలో స్పష్టత ఎక్కువై భయం తగ్గిందని నా స్పష్టమైన అభిప్రాయం. చీకటి ఇక్కడ స్వరూపలక్షణం, దానిని తుడిచినవారు ధూళి అనుకొని వర్ణాన్ని తుడిచారు.

తెలుగువారికి ఈ అనుభవం కొత్తది కాదు. 1957 నాటి "మాయాబజార్" చిత్రాన్ని హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులు అద్ది, ధ్వనిని శుద్ధిచేసి 2010 జనవరిలో విడుదల చేసింది. కుటుంబాలు కుటుంబాలుగా చూశారు. నలుపుతెలుపు సినిమా అంటే మొగం తిప్పుకొనే పిల్లలు ఘటోత్కచుణ్ణి చూసి కేరింతలు కొట్టారు. ఆ మేలును కాదనను. కానీ నిడివి తగ్గింది. అంతకంటె ముఖ్యం, మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెల నలుపుతెలుపులలో ఊహించిన వెన్నెల. రంగులేకపోవడం అక్కడ లోపం కాదు, రంగు లేనిచోటనే ఆ వెన్నెల వెలిగింది. రంగుల ప్రతిలో పడవ మీదకు ఏ మీటా లేదు, పాత వెన్నెలను పిలవడానికి. పాత ప్రతి వేరే ఉందనుకోండి. అయితే నేటి బాలుడు ఏది చూసి ఇదే మాయాబజార్ అనుకుంటున్నాడో దానిలోనుండి అక్కడికి తలుపు లేదు.

సోల్ రీవర్ రీమాస్టర్‌ను నేను సమర్థించడానికి ప్రధాన కారణం ఆ తలుపే. మన ఆగమాలలో జీర్ణోద్ధారణ విధి ఎంత సున్నితమైనదో తెలిసినవారికి తెలుసు. పని ప్రారంభించే ముందు దేవతాకళను కుంభోదకంలోకి ఆకర్షించి, బాలాలయంలో నిలిపి, అక్కడ అర్చనలు సాగిస్తూ, పని పూర్తయ్యాక సంప్రోక్షణతో మళ్ళీ స్వస్థానంలో ప్రతిష్ఠిస్తారు. రాయి మారవచ్చు, అర్చన తెగరాదు. భిన్నవిగ్రహం పూజార్హం కాదంటారు, స్వయంభూమూర్తికి ఆ నియమం వర్తించదంటారు. అంటే ఏ లోపం గాయమో, ఏ లోపం స్వరూపమో ముందు తెలుసుకోవాలి. పురావస్తు పరిరక్షకులకు కూడా ఇటువంటి నియమమే ఉంది: 1964 నాటి వెనిస్ ఒడంబడిక ప్రకారం పోయిన భాగానికి బదులు పెట్టే కొత్తది మొత్తంతో కలిసిపోవాలి, కానీ పాతదానినుండి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలి. పాత స్తంభాలకు ఎనామిల్ రంగులు దట్టించి భక్తి అనుకొనే ధర్మకర్తలు ఈ వాక్యం చదవాలని నా కోరిక. ఈ ఆటను పునరుద్ధరించినవారు చదివారో లేదో తెలియదు, పాటించారు. నాడు పూర్తికాక తొలగించిన కొన్ని స్థలాలను కూడా వారు వెలికితీశారు. వాటిని కథలో ఇరికించక, ప్రాకారంలో విడిగా నిలబెట్టిన భగ్నశిల్పాలలాగా వేరుగా చూపారు. అది సంయమనం.

గాయాలలో కెమెరా ఒకటి. నాటి కెమెరా గోడలలో ఇరుక్కొనేది. దానిని సరిచేయడం న్యాయం. దిమ్మలు తోసే సమస్యలు మాత్రం అలాగే ఉంచారు. నాలుగు దిమ్మలను ముందుకు తోసి, వెనక్కు లాగి, పొర్లించి గోడలోని బొమ్మ సరిపోయేలా అమర్చాలి. ఒకసారి బాగుంటుంది, ఆరోసారి ప్రాణం విసుగుతుంది. "బాబాయ్, ఈ పిశాచి ఇంత దూరం పగ తీర్చుకోడానికి వచ్చిందా, తాపీపని చేయడానికా?" అన్నాడు అబ్బాయి. నవ్వు ఆపుకోలేకపోయాను. మొదటి ఆట ముగింపు కూడా అర్ధోక్తిలో ఆగినట్టు ఉంటుంది. కథ రెండవ ఆటలోకి దూకిపోతుంది. రెండూ ఒకే సంపుటిలో ఉండడం వలన ఆ గాయం కొంత మానింది. రెండవ ఆటలో ఆడవలసినది తక్కువ, వినవలసినది ఎక్కువ. కానీ వినదగినది. రజియెల్ చేతిలోని ఖడ్గంలో బంధితమై, జీవులను ఆహరించే ఆ క్షుధితాత్మ ఎవరిదో అతనికి తెలిసే ఘట్టం పాతికేళ్ళ తరువాత కూడా నా ఒళ్ళు జలదరింపజేసింది. వాడుతున్నవాడే ఆయుధంలో ఉన్నవాడు. భోక్త, భోజ్యం ఒక్కటే.

ఇక నా స్మృతి సంగతి. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో, తర్కపాదంలో, క్షణికవాదికి ఇచ్చిన సమాధానంలో ఒక సూక్ష్మత ఉంది. "ఇది దానిని పోలి ఉంది" అనాలన్నా, రెండింటినీ చూసినవాడు ఒకడుండాలి. బాహ్యవస్తువు విషయంలో "అదేనా, దానివంటిదా" అన్న సందేహం ఒక్కొక్కప్పుడు కలగవచ్చు. చూచినవాని విషయంలో "నిన్న చూసినది నేనేనా, నావంటివాడా" అన్న సందేహం ఎవరికీ కలగదు. ఈ వాక్యాన్ని తిరగేసి చూస్తే నా సాక్ష్యం ఎంత బలహీనమో తెలుస్తుంది. రెండు ఆటలను కలుపుతున్న సూత్రాన్ని నేను. సూత్రాన్ని తీసేస్తే పూసలు నిలుస్తాయా?

అందుకే అబ్బాయి సాక్ష్యం నాకు ముఖ్యమైంది. వాడికి ఈ ఆట గురించి స్మృతి లేదు, వాడు పుట్టేనాటికే అది పాతబడింది. వాడు విసుక్కున్నాడు, దిమ్మలను తిట్టాడు, కత్తియుద్ధం ఒకేలా ఉందన్నాడు. అయినా మూడు రాత్రులు ఆడాడు. లోకం మారే మీటను అవసరం లేనిచోట కూడా నొక్కి గోడలు వంగడం చూశాడు. నాలుగో రోజు గుడిమెట్ల మీద వాడన్న మాటే నాకు చాలినంత ప్రమాణం: స్మృతి లేనివాడికి కూడా ఆ ఆట ఒక చూపునిచ్చింది, ఆ చూపుతో వాడు వేరొక వస్తువును చూడగలిగాడు.

రెండవ మీట గురించి నేను వాడికి చెప్పలేదు, వాడే కనుక్కున్నాడు. జెఫాన్ గుహగోపురంలో, గోడలనిండా పట్టుగూళ్ళు వేలాడే చోట, ఆట మధ్యలో ఆగి పాత రూపానికి మార్చాడు. తెర ఒక్కసారి మసకబారింది. రజియెల్ ముఖం నాలుగు పలకలైంది.

"నాన్న చూసింది ఇదేనా?" అన్నాడు.

అవునన్నాను. ఆ గది అంతా అలాగే ఆడాడు, కొత్త రూపానికి మార్చలేదు.

మర్నాడు సామర్లకోట జంక్షన్‌లో రైలెక్కించాను. జెఫాన్ చచ్చాడు, గోడలెక్కే శక్తి వచ్చింది, రాహబ్ ఇంకా మిగిలాడు. ఉగాదికి మళ్ళీ వస్తానని, అప్పటిదాకా ఒంటరిగా ముందుకు ఆడనని కిటికీలోనుండి మాట ఇచ్చాడు. ఆ మాట నిలబెట్టుకుంటాడని నాకు నమ్మకం లేదు. వాడి తండ్రి కూడా ఎన్నడూ నిలబెట్టుకోలేదు.